కృతిపతి పేరు లేని ప్రణాళికలు

మన దేశమున ఒక జాతి గ్రంథములు కలవు. అవి అచ్చయిన వెంటనే ఇంటింటికి ఉచితముగా వచ్చును. వానిని గూర్చి సభలలో కేకలు చెలరేగును. కాని వానిని గ్రంథములుగా నెంచి, మొదటినుండి తుదివరకు చదివి, గుణదోషములను విచారించువారు అరుదు. అవియే ఎన్నికల ప్రణాళికలు. మేము వృత్తిచే ఉపాధ్యాయులము. పాఠమును చదివి తాత్పర్యము చెప్పుట మా నిత్యకృత్యము. కావున మన మండలపు ఓటరులను ఒకదాని వెంట నొకటి గెలుచుకొన్న రెండు ప్రణాళికలను ఆ దృష్టితోనే పరిశీలింప నెంచితిమి. మొదటిది 2019లో వైయస్సార్ కాంగ్రెస్ పార్టీ ప్రకటించిన ‘నవరత్నాలు’. రెండవది 2024లో తెలుగుదేశము, జనసేన పార్టీలు కలిసి ప్రకటించినది. ఈ రెండవదానికి పునాదియైన ‘సూపర్ సిక్స్’ వాగ్దానములలో చాల భాగము 2023 మే నెలలో మన రాజమహేంద్రవరమున జరిగిన మహానాడునందే తొలుత వినబడినవి.

మొదటి ప్రణాళికను తాము భగవద్గీత, ఖురాను, బైబిలులతో సమానముగా నెంచుచున్నామని ఆ పార్టీ నాయకుడు పలుమారు చెప్పెను. అట్లయిన దానిని శాస్త్రరీతినే చదువవలెను. గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మన మీమాంసకులు ఆరు గురుతులు చెప్పిరి. వానిలో మూటిని మాత్రము ఇచ్చట గ్రహించెదము. మాటిమాటికి చెప్పబడిన దేది? అది అభ్యాసము. ఇతరత్ర లేని క్రొత్త మాట యేది? అది అపూర్వత. చెప్పినదానిని నిలువబెట్టు యుక్తి యేది? అది ఉపపత్తి.

అభ్యాసమును చూతము. మొదటి ప్రణాళికలో అమ్మ ఒడి కలదు. బిడ్డను బడికి పంపు తల్లికి ఏటా 15,000 రూపాయలు. రెండవదానిలో తల్లికి వందనము కలదు. బడికి పోవు ప్రతి బిడ్డకు 15,000 రూపాయలు. మొదటిదానిలో రైతు భరోసా, రెండవదానిలో అన్నదాతకు ఏటా 20,000 రూపాయలు. మేము ఈ సాయములను నిందించువారము కాము. ఆ సొమ్ముతో క్రొత్త చెప్పులు కొనుక్కొని, వానిని తరగతి గుమ్మముకడ జాగ్రత్తగా విడిచివచ్చిన పిల్లలను మేము చూచితిమి. కాని విమర్శకుడు చెప్పవలసిన మాట చెప్పక తప్పదు. కర్తలు వేరు, పేరులు వేరు, అంకెలలో ఎక్కువతక్కువలు కలవు, వస్తువు మాత్రము ఒక్కటే. అపూర్వత లేదు.

ఇక ఉపపత్తి. వాగ్దానములకు ధనమెట్లు సమకూర్తురో స్థూలముగానైనను చెప్పవలెనని, 2013 నాటి సుప్రీం కోర్టు తీర్పును అనుసరించి, ఎన్నికల సంఘము పార్టీలకు సూత్రము విధించినది. ఆ సూత్రమెంతవరకు పాటింపబడినదో చదువరులే చూచుకొనవచ్చును. మాకు అంతకన్న లోతైన సందేహమొకటి కలదు. ప్రభుత్వపు ధనము సరే, ఈ గ్రంథములను వ్రాయించి, అచ్చొత్తించి, సభలు కట్టించి, వాహనములు నడిపించిన ధన మెవరిది?

మన పూర్వకవులు ఈ విషయమున మనకంటె నిజాయితీపరులు. నన్నయ ఈ రాజమహేంద్రవరముననే భారతమును ఆరంభించినప్పుడు రాజరాజనరేంద్రుని ప్రేరణ వలననే వ్రాయుచున్నానని దాచలేదు. తరువాతి కవులు కృతిపతి వంశమునంతయు వర్ణించి గాని కథ నెత్తుకొనలేదు. ఎవరి యన్నము తిని వ్రాసెనో తెలిసినందున, స్తుతిలో ఎంత త్రోసివేయవలయునో చదువరికి తెలిసెను. రాజులకు అంకితమీయ నొల్లని పోతన ఘనతయు అందువలననే మనకు అర్థమగుచున్నది. ప్రణాళికలకును కృతిపతులు కలరు. వారి పేరు మాత్రము ఎచ్చటను లేదు.

ఆ పేరులను చట్టమే కొంతకాలము దాచియుంచినది. కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి ఏడున్నరకు మించి పార్టీల కీయరాదను పరిమితిని 2017లో తొలగించిరి. 2018లో ఎన్నికల బాండ్లు వచ్చెను. దాత పేరు బ్యాంకునకు తెలియును, ప్రజలకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీం కోర్టు ఈ పద్ధతియంతయు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసి, పద్దులను బయట పెట్టించినది. మొత్తము దాదాపు 16,500 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయియుండెను. 2019 ఏప్రిల్ మొదలు 2024 జనవరి వరకు వైయస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 337 కోట్లు, తెలుగుదేశమునకు సుమారు 219 కోట్లు, కేంద్రమున పాలించు భారతీయ జనతా పార్టీకి 6,000 కోట్లకు పైగా చేరినవి. కొన్నవారిలో దేశమున రెండవ స్థానము హైదరాబాదునందలి మేఘా ఇంజనీరింగు కంపెనీది. అది 966 కోట్లు. మన గోదావరిపై పోలవరము పనులను 2019 నుండి చేయుచున్న గుత్తేదారు ఆ కంపెనీయే. దాని విరాళములు వైయస్సార్ కాంగ్రెస్‌కును చేరినవి, తెలుగుదేశమునకును చేరినవి. 2024లో ప్రభుత్వము మారెను, గుత్తేదారు మారలేదు.

ఇచ్చట న్యాయము తప్పరాదు. బాండ్లు కొనుట ఆనాడు చట్టసమ్మతము. విరాళమునకు ప్రతిఫలముగానే గుత్త లభించినదని మేము అనము; అట్లనుటకు మాచేత ఋజువు లేదు. పని తెలిసిన కంపెనీకి పని దొరకుట తప్పు కాదు. మేము అడుగునది వేరు. ఊరికంతకు సంబంధించిన ఆనకట్ట విషయమున, పని చేయువాడు, పని చేయించువాడు, రేపు చేయింపబోవువాడు – ఈ ముగ్గురి నడుమ నున్న ధనసంబంధము ఊరివారికి అయిదేండ్లు తెలియకపోవుట ఏమి ధర్మము?

ఈ పద్దులు పత్రికలలో వచ్చిన దినములలో పదవ తరగతి బాలుడొకడు మమ్ము అడిగెను: “మాస్టారండీ, ఇద్దరికీ ఆయనే డబ్బిచ్చాడంటే, ఎవరు ఓడిపోయినా ఆయన ఓడిపోడన్న మాటేగా అండీ?” పౌరశాస్త్ర పుస్తకమున దీనికి సమాధానము లేదు. మేము చరిత్రపుస్తకము తెరచితిమి. 1766లో నిజాముతో జరిగిన సంధి వలన రాజమహేంద్రవరము సర్కారు కుంపిణీ చేతికి వచ్చెను. 1858 వరకు మనలను ఏలినది వాటాదారులుగల వర్తకసంఘము. మద్రాసున కుంపిణీ కొలువులో చేరి, నవాబునకు అప్పులిచ్చి ధనము గడించిన పాల్ బెన్‌ఫీల్డు తనతో కలిపి ఎనమండుగురిని పార్లమెంటు సభ్యులను చేసెనని 1785లో ఎడ్మండ్ బర్కు ఆర్కాటు నవాబు ఋణములను గూర్చిన ప్రసంగమున నిందించెను. ఆ ఋణములు నిజమో కాదో విచారింపవలసిన మంత్రులు విచారణ మానిరి. ఆ ఋణదాత మిత్రుల బలము వారికి కావలసియుండెను. బర్కు కోపమునకు మూలమిదియే. బాలుని ప్రశ్నయు ఇదియే. కుంపిణీ పోయినది, కంపెనీలు వచ్చినవి. ప్రశ్న నిలిచినది.

మన బిడ్డలనేకులు స్థిరపడిన అమెరికాలోను ఈ రోగము కలదు. 2010లో అచ్చటి సుప్రీం కోర్టు ఎన్నికలలో కంపెనీలు స్వతంత్రముగా చేయు వ్యయమునకు హద్దు పెట్టరాదనెను. 2024 అధ్యక్ష ఎన్నికలలో ఎలాన్ మస్కు అను ఒక్క ధనికుడే ట్రంపు పక్షమున 25 కోట్ల డాలర్లకు మించి వెచ్చించెను. అదే ఎన్నికలో ఓటుహక్కు గలవారిలో మూడవవంతునకు పైగా ఓటు వేయలేదు. విసిగిన ఓటరులలో ఎందరో అచ్చట ఇల్లు కదలరు.

మన ఓటరు విసుగు మరియొక విధము. అతడు ఎండలో వరుసకట్టి నిలిచి మరీ తన విసుగును తెలుపును. 2024లో మన రాష్ట్రమున నూటికి 81 మందికి పైగా ఓటు వేసిరి. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలో 15 స్థానములు కలవు. 2014లో ఆ పదునైదును తెలుగుదేశమునకు, దాని మిత్రపక్షమునకు ఇచ్చిరి. 2019లో 13 స్థానములను వైయస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చిరి. 2024లో రెండు గోదావరి జిల్లాల 34 స్థానములను మరల ఇవతలివారికే ఇచ్చిరి. దీనిని కొందరు ప్రజాచైతన్యమందురు. మాకు అట్లు తోచదు. నిప్పుమీద నిలిచినవాడు ఒక కాలెత్తి రెండవకాలు మోపుచు, మరల మొదటికాలు మోపుచు నుండును. దానిని నాట్యమనరాదు.

ఇక మా యింటి మాట చెప్పవలెను. లేనిచో ఈ విమర్శనము పరోపదేశ మగును. ఎన్నికల ముందు మా యింటికి రెండు కవరులు వచ్చెను, ఉదయ మొకటి, సాయంత్ర మొకటి. మేము బడినుండి వచ్చునప్పటికి మా పెద్దమ్మగారు రెంటిని పుచ్చుకొని దేవుని పటము వెనుక ఉంచిరి. మేము మందలింపగా ఆమె, “మన సొమ్మేగదరా మనకిస్తున్నారు, వాళ్ళబ్బ సొమ్మా?” అనెను. మాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆమె మాటలో సగము సత్యము కలదు. ఆ సొమ్ము ఏ గుత్తలోనో, ఏ ధరలోనో, ఏ పన్నులోనో మననుండి వసూలు కాకపోదు. తక్కిన సగము రెండు దినముల తరువాత మేము ఆమెకు చెప్పితిమి: “మన సొమ్మైతే లెక్క చూపించి ఇవ్వాలి గాని చీకట్లో కవర్లో పెట్టి ఇస్తారా, పెద్దమ్మా?” ఆమె బదులు పలుకలేదు. కవరులను ఏమి చేసెనో మేము అడుగలేదు. కాని పైనున్నవారు దాత పేరును దాచుటకును, క్రిందనున్న మనము కవరును పటము వెనుక దాచుటకును గల చుట్టరికము ఆ దినమున మాకు తెలిసెను.

కంపెనీల విరాళములను పూర్తిగా నిషేధించిన చాలదా యని కొందరు అడుగుదురు. ఆ మందును మనము ఒకమారు త్రాగి చూచితిమి. 1969లో నిషేధించి 1985లో మరల అనుమతించిరి. ఆ నడుమ ధనప్రవాహము ఆగలేదు, నేలమాళిగలోనికి పోయినది. అభ్యర్థి వ్యయమునకు నేడును పరిమితి కలదు, శాసనసభకు 40 లక్షలు. అతని పార్టీ వ్యయమునకు పరిమితియే లేదు. కట్టకు ఒకచోట మట్టివేసి వేరొకచోట గండి విడిచిన నీరు నిలుచునా? మొదట కావలసినది వెలుతురు, తరువాత పరిమితి. పార్టీ వ్యయమునకును హద్దు ఉండవలెను. దాత పేరు ఎన్నికకు ముందే తెలియవలెను, తరువాత కాదు. ప్రభుత్వపు గుత్త గలవాడు ఆ గుత్త నడచునంతకాలము ఏ పార్టీకిని విరాళమీయరాదు.

1874లో కందుకూరి వీరేశలింగముగారు ‘వివేకవర్ధని’ని స్థాపించి, ఈ గోదావరి తీరముననే ఉద్యోగుల లంచగొండితనమును పేరులతో బయటపెట్టిరి. ఆనాటి లంచము చాటున ఇయ్యబడెను గనుక దానిని పట్టుకొనుటకు సాహసము చాలెను. నేటి విరాళము చట్టముతోనే వచ్చును గనుక దానిని చదువుటకు ఓపిక కావలెను. 20,000 రూపాయలు మించిన విరాళముల పట్టికను పార్టీలు ఏటేట ఎన్నికల సంఘమునకు సమర్పించును. అది ఎవరైనను చూడవచ్చును. ప్రణాళిక చేతికి వచ్చినప్పుడు ఈ పత్రికను చదువు కుటుంబములవారు ఆ పట్టికను దాని ప్రక్కనుంచుకొని, పెద్దలు పిల్లలు కలిసి చదువుదురు గాక. ఓటు అడుగవచ్చినవారిని మాకేమిత్తురని అడుగుట మనకు అలవాటైనది. మీకెవరిచ్చిరని అడుగుట నేర్చుకొనవలసి యున్నది.