యుద్ధకవిత్వము – స్త్రీపర్వము

మన యాలంకారికులు మహాకావ్యమునకు 18 వర్ణనలను విధించిరి. దండి చెప్పిన క్రమములో నగరవర్ణనము మొదటిది, రణము పదునేడవది, నాయకాభ్యుదయము పదునెనిమిదవది. అనగా యుద్ధము ముగిసిన వెంటనే నాయకుడు అభ్యుదయమును పొందవలెను, కావ్యము ముగియవలెను. ఆ రెంటి నడుమ మఱియొక వర్ణనకు చోటు లేదు. మగనిని పోగొట్టుకొన్న యిల్లాలు మఱునాడు పొయ్యి యెట్లు రాజేసినది? తండ్రి లేని బాలుడు ఎవరి యింట పసులగాపరిగా కుదిరినాడు? కాలిన యింటికి మరల కప్పు వేయుటకు ఎన్ని యేండ్లు పట్టినది? ఈ సంగతులు ఆ పట్టికలో లేవు. కవులు అపరాధము చేసిరని మేమనము. పట్టిక అట్లున్నది, వారు చాలవఱకు దానిని అనుసరించిరి. అయినను యుద్ధమునుగూర్చిన కవిత్వమును విమర్శింపబూనినవారు ఈ ఖాళీనుండియే ఆరంభింపవలెనని మా యభిప్రాయము.

ఈ ఖాళీని పూరించిన మహాకవి మనకొకడు కలడు. తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు 15 పర్వములను తెలిగించెను. వానిలో భీష్మ ద్రోణ కర్ణ పర్వములలోని కథలు మన పల్లెలలో నేటికిని వినబడుచున్నవి. తిరుపతి వేంకటకవుల నాటకముల మూలమున శ్రీకృష్ణరాయబారపు పద్యములు అక్షరజ్ఞానము లేనివారికి సైతము కంఠస్థములైనవి. యుద్ధమునకు ముందు జరిగిన మాటలను మనమింతగా మననము చేసితిమి. యుద్ధము ముగిసిన పిదప వచ్చు స్త్రీపర్వమును ఎందరు చదివిరి? ఎందరు చదివించిరి? అమంగళమని దానిని దాటిపోవువారు కూడ కలరు.

ఆ పర్వములో జరుగునదేమి? వ్యాసుని యనుగ్రహముచే గాంధారి రణభూమిని చూచును. కోడండ్రు తమ తమ భర్తల దేహములను వెదకికొందురు. గాంధారి తన నూర్గురు కొడుకులకొరకే యేడ్చి ఊరకుండదు. అభిమన్యుని దేహముపై పడి విలపించు ఉత్తరను కూడ ఆమెయే చూపును. శత్రుపక్షపు కోడలి దుఃఖమును తన దుఃఖముతో సమముగా చెప్పిన ఆ తల్లిని మించిన న్యాయమూర్తి మన వాఙ్మయములో కానరాదు. పిదప ఆమె కృష్ణుని శపించును. 36 ఏండ్లకు యదువంశము నశించును. యుద్ధము జరిగినది 18 దినములు. దాని ఫలము పండుటకు పట్టినది 36 ఏండ్లు. యుద్ధమును దినములతో కొలువరాదు, తరములతో కొలువవలెనని భారతము మనకు చెప్పుచున్నది.

మఱియొక విషయము కూడ మన గృహిణులు గమనింపవలెను. తర్పణము విడుచునపుడు కుంతి కర్ణుని జన్మరహస్యమును బయలుపఱచును. ధర్మరాజు అన్నను చంపితినని తెలిసి శోకించి, స్త్రీల నోట రహస్యము నిలువకుండుగాక యని శపించెనని కథ. నాడు మొదలు ఆడుదాని నోట నువ్వుగింజ నానదని లోకము పరిహసించుచున్నది. విచారించి చూతము. కుంతి యౌవనము మొదలు ముదిమివఱకు ఆ రహస్యమును కడుపులో దాచుకొన్నది. ఆమె వాచాలత వలన గాక మౌనము వలననే అనర్థము వాటిల్లినది. యుద్ధానంతరమున ఆడువారి మాటను లోకము వినక, వినినను నిందించు ఆచారము అంత పాతది.

మన ఓరుగల్లును చూతము. ప్రతాపరుద్రుని కీర్తించుటకు విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారగ్రంథమునే రచించెను. అందలి ప్రతి లక్ష్యమును రాజస్తుతియే. 1323లో ఓరుగల్లు పడినది. తరువాత ప్రజలేమైరి? ఈ ప్రశ్నకు ఉత్తరము ప్రోలయనాయకుని విలస తామ్రశాసనములో దొరకును. ధనమునకై ధనికులను హింసించిరనియు, కర్షకులు తాము పండించిన పంటను తాము అనుభవింపలేకపోయిరనియు, కలిమిలేములతో పనిలేక కుటుంబములు చెడిపోయెననియు ఆ శాసనకవి సంస్కృతమున చెప్పినాడు. అదియు క్రొత్త ప్రభువు కీర్తికొరకు వ్రాసినదే యని మేమెఱుగుదుము. అయినను రైతు పొలమును, సామాన్యుని యింటిని ఒకసారి తొంగిచూచినది. ఓరుగంటి వీధులను వర్ణించు క్రీడాభిరామములో ఒక ప్రౌఢ పల్నాటి వీరులను ద్విపదలో పాడుట కలదు. యుద్ధగాథను స్త్రీ పాడుట మన నగరమునకు క్రొత్త కాదు. ఆమె పాడినది మాత్రము వీరుల పాటయే. ఆ వీరుల యిండ్లలో మిగిలిన యాడువారి పాట కాదు.

ఇక మన తాతల కాలపు యుద్ధమునకు వత్తము. ఆకేరు వాగు ప్రక్కనున్న వర్ధన్నపేటను నడుమ నుంచుకొని చుట్టును చూచినచో, నైరృతి దిక్కున పాలకుర్తి కలదు. ద్విపదను జనుల వాకిటికి తెచ్చిన సోమనాథుని పుట్టినయూరుగా దానికి ప్రసిద్ధి. చిట్యాల ఐలమ్మ తన పంటను విసునూరు దేశముఖుపాలు కానీయక నిలుపుకొన్నది ఆ యూరనే. ఆ ప్రక్కనే కడవెండి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగినది అచ్చటనే. ఉత్తరమున పరకాల, 1947 సెప్టెంబరు 2న జాతీయపతాకము నెగురవేయబోయిన జనముపై కాల్పులు జరిగి 20 మందికి పైగా మరణించిరి. పడమట బైరాన్‌పల్లి, 1948 ఆగస్టు 27న రజాకార్లును నిజాము సైనికులును ఊరిపై పడి పదులకొలది గ్రామస్థులను చంపిరి. 1948 సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన పోలీసుచర్యతో నిజాము పాలన ముగిసినది. సాయుధపోరాటము మాత్రము 1951 అక్టోబరు వఱకు సాగినది. దానిలో సుమారు 4,000 మంది మరణించిరని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసిరి.

ఈ రణమును కవులు చూడలేదని యెవ్వరును అనజాలరు. దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు చెఱసాల గోడలపై పద్యములను వ్రాసెను. ఆయన అగ్నిధార 1949లో వెలువడినది. ఆ యేడే ఆవంత్స సోమసుందర్ వజ్రాయుధమును, ఆరుద్ర త్వమేవాహమును ప్రకటించిరి. కుందుర్తి ఆంజనేయులు 1956లో తెలంగాణ యను పేరుతో వచనకవితలో కావ్యమునే వ్రాసెను. అగ్నిధార, వజ్రాయుధము అను పేర్లే వారి స్వభావమును చెప్పుచున్నవి. నిప్పును, పిడుగును ఆనాటి ప్రజకు కావలసియుండెను. భయముచే వంగిన నడుమును నిలిపినది ఆ పద్యమే. చెఱసాలలో నున్న కవిని, నీవు రేపటి విధవనుగూర్చి యేల వ్రాయలేదని అడుగుట న్యాయము కాదు. మంటలో నున్నవాడు బూడిదను వర్ణింపజాలడు.

అయితే మంట చల్లారిన పిదప సంగతి యేమి? మా ప్రశ్న అచ్చట మొదలగుచున్నది. దాశరథి తెలంగాణమును తల్లియని పిలిచెను. ఆ పిలుపు మహోన్నతమైనది. కాని నేలను తల్లిగా పాడిన మన కవిత్వము, ఆ నేలపై కొడుకును పోగొట్టుకొన్న తల్లి యింటికి అంత తఱచుగా వెళ్లలేదు. ఐలమ్మ పంటను కాపాడిన దినమును పాడినవారు అనేకులు. ఆమె 1985 వఱకు జీవించెను. ఆ దినము ఒకటి. తరువాతి కాలము దాదాపు నలువదియేండ్లు. గాంధారి చెప్పిన లెక్క మరల మన కన్నుల యెదుట నిలిచినది. ఆ నలువదియేండ్ల కావ్యమెక్కడ?

గాంధారి నేర్పిన రెండవ పాఠమును మనము మఱింతగా మఱచితిమి. పోలీసుచర్య సమయమునను, దాని వెంటనే జరిగిన యల్లరులలోను హైదరాబాదు సంస్థానమున 27,000 నుండి 40,000 మంది వఱకు మరణించిరని సుందరలాల్ సంఘము అంచనా వేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో అనర్థము హెచ్చు. రజాకారు చేసిన ఘోరమునకు రజాకారు కాని పొరుగువాని భార్య ఫలమనుభవించినది. ఉత్తర శోకమును గాంధారి చెప్పినట్లు, ఈ స్త్రీల శోకమును తనదిగా చెప్పిన తెలుగు కవి అరుదు. మనవారి కన్నీరును మాత్రమే లెక్కించు కవిత్వము ఎంత గొప్పదైనను యుద్ధములో ఒక పక్షముననే నిలిచియుండును. యుద్ధమును దాటి రాజాలదు.

దీనికి కొందఱు ఒక సమాధానము చెప్పుదురు. కవిత్వము ఉత్తేజము కొరకు, కన్నీరు నిరుత్సాహము కలిగించును గదా యని. ఈ వాదము మాకు సమ్మతము కాదు. క్రీస్తునకు పూర్వము 415లో, ఏథెన్సు యుద్ధములో మునిగియున్న కాలముననే, యూరిపిడీస్ ట్రాయి నగరపు స్త్రీలను రంగస్థలముపైకి తెచ్చెను. జయించినది తన జాతియే యని ప్రేక్షకులకు తెలియును. ఏడ్చుచున్నది శత్రుస్త్రీలని కూడ తెలియును. ఆ నాటకము వలన గ్రీకుల ధైర్యము చెడలేదు. వారి వాఙ్మయము పెద్దదయినది. మన సుద్దాల హనుమంతు పసులగాచు బాలునిగూర్చి పాట కట్టెను. అందు గర్జనకంటె జాలి హెచ్చు. అయినను ఆ పాట విని సంఘములో చేరినవారు కలరుగాని, నిరుత్సాహపడి యింటికి పోయినవారు లేరు. జాలి పిఱికితనము కాదు.

మఱి మన తెలంగాణపు స్త్రీపర్వమును వ్రాసినదెవరు? కవులు కారు. 1986లో స్త్రీశక్తి సంఘటన యను సంఘమువారు ఆనాటి పోరాటములో పాల్గొన్న స్త్రీల యొద్దకు పోయి, వారి మాటలను వారు చెప్పినట్లే గ్రహించి, మనకు తెలియని మన చరిత్ర యను పేరుతో ప్రకటించిరి. ఐలమ్మ, మల్లు స్వరాజ్యము మొదలగువారి మాటలు అందు కలవు. తుపాకి పట్టిన దినములను వారు ఉత్సాహముతో చెప్పిరి. పోరాటము ముగిసిన పిదప, ఇక యింటికి పోయి సంసారము చూచుకొనుమన్న మాట తమకు ఎట్లు తగిలినదో కూడ చెప్పిరి. అడవిలో నుండి కన్నబిడ్డను పరుల చేతికిచ్చిన తల్లి మాట అందు కలదు. ఛందస్సు లేదు, అలంకారము లేదు, వాక్యములు తెగిపోవుచుండును. అయినను దానిని చదివి మూసినపుడు స్త్రీపర్వమును చదివినట్లే మనస్సు బరువెక్కును. కుంతి మౌనము ఇచ్చట భగ్నమైనది. ఈసారి శపించిన ధర్మరాజు లేడు.

యుద్ధకవిత్వమును చదువునపుడు మన పాఠకులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మేము కోరుచున్నాము. మొదటిది: ఈ కావ్యములో కాలము ఎచ్చట ఆగుచున్నది? వీరుడు పడిన క్షణముననా, లేక వాని సంవత్సరీకము దాటిన పిదపనా? రెండవది: ఇందు స్త్రీ మాటాడుచున్నదా, లేక ఆమెనుగూర్చి యితరులు మాటాడుచున్నారా? మూడవది: శత్రుపక్షపు తల్లికి ఇందు ఒక వాక్యమైన దక్కినదా? ఈ ప్రశ్నలకు ఉత్తరము లేని కావ్యమును పాఱవేయుమని మేము చెప్పము. అది సగము కావ్యమని తెలిసికొని, తక్కిన సగము కొరకు వెదకుడని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ సగము గ్రంథాలయములలోనే దొరకునని అనుకొనరాదు. మన వైపు ఊళ్లలో బతుకమ్మ చుట్టును తిరుగుచు ఉయ్యాల పాటలు పాడుదురు. సంఘము కాలమున ఆ వరుసలలోనే పోరాటపు కథలు కట్టిరి. అయినవోలు జాతరలో ఒగ్గుకథకులు గంటలకొలది కథ చెప్పుదురు. దుఃఖమును దీర్ఘముగా చెప్పుటకు తగిన వరుసలు మనకు కలవు. వానిలో ఈ దుఃఖమును నింపువారే కావలెను. 1948లో పదేండ్ల బాలికగా నున్నయామె నేడు తొంబదికి చేరువలో నున్న ముదుసలి. అట్టివారు ప్రతి యూరను కొందఱే మిగిలియున్నారు. చదువుకొన్న కోడండ్రును, మనుమరాండ్రును వారి యొద్ద కూర్చుండి అడుగవలెను. ఎవరు చంపిరి, ఎవరు చచ్చిరి అను ప్రశ్నలతో ఆపక, ఆ మఱుసటి యేడు మీరేమి తింటిరి, ఎవరి పొలములో కూలికి పోతిరి, బడికి పోవుచున్న పిల్లవాడు ఏ తరగతిలో మానినాడు, ఏ పండుగనాడు మరల పసుపు తాకితిరి అని అడుగవలెను. వారు చెప్పినదానిని వారి మాటలలోనే, దిద్దక, ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. రేపు తిక్కన వంటి కవి మనలో పుట్టినచో వానికి ఆ పుస్తకములు కావలెను. పుట్టకున్నను, ఆ యింటి పిల్లలకు అవి కావలెను.