వంద వాట్ల ఉద్యోగం

టీవీలో కనపడినవాళ్ల గురించి ఎంతో రాశాం. ఆ బొమ్మను చిన్న ఊళ్లకు చేర్చినవాళ్ల గురించి రాసింది తక్కువ. దూరదర్శన్ రిలే కేంద్రాల్లో పనిచేసిన టెక్నీషియన్లంటే నాకు మొదటి నుంచీ గౌరవం.

1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. మరుసటి ఏడాది కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకో ట్రాన్స్‌మిటర్ వెలిసింది. చిన్న పట్టణాలకు దక్కినవి ఎక్కువగా లో పవర్‌వే. శక్తి 100 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బుకు పట్టే కరెంటంత. దాంతోనే చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల దాకా బొమ్మ అందేది. మధ్యలో గుట్ట ఉంటే అవతలి ఊరికి చుక్కలే.

స్టూడియో లేదు, కెమెరా లేదు. ఆవరణలో పెద్ద డిష్, గదిలో ట్రాన్స్‌మిటర్, పక్కన టవర్. ఉపగ్రహం నుంచి డిష్ పట్టిన సిగ్నల్‌లోని బొమ్మనూ మాటనూ స్థానిక చానల్‌ ఫ్రీక్వెన్సీకి మార్చి వదలడమే పని. షిఫ్టులో ఉన్న మనిషి మీటర్లు చూసి లాగ్‌బుక్‌లో రాయాలి, మానిటర్ మీద కన్నేసి ఉంచాలి, కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. 1987లో ‘రామాయణ్’ మొదలయ్యాక ఆదివారం పొద్దున ఆ పరుగు ఎలాంటిదో ఊహించండి! సీరియల్ బాగుంటే పేరు దర్శకుడు రామానంద్ సాగర్‌ది, బొమ్మ పోతే తిట్లు ఈయనకు. తన వైపు నుంచి ఏమీ కలపకుండా, ఏమీ పోనివ్వకుండా ఇంకొకరి పనిని చేరవేయడానికి గొప్ప నిగ్రహం కావాలి. రోజూ ఎవరో ఒకరి మాటను పాఠకులకు అందించే నాకు అది ఎంత కష్టమో తెలుసు.

ఒక్క లోటు మాత్రం ఇప్పటికీ బాధిస్తుంది. హైదరాబాద్ కేంద్రం 1977లోనే మొదలైనా, తొలి ఏళ్లలో చాలా రిలే కేంద్రాలకు అందింది ఢిల్లీ కార్యక్రమమే. టవర్ ఊళ్లోనే ఉంది, కానీ తుపాను వస్తోందని ఆ ఊరికి అక్కణ్నుంచి చెప్పే ఏర్పాటు లేదు. రోజుకో అరగంట, ఒక కెమెరా, ఒక మైకు ఇచ్చి ఉండాల్సింది. 100 వాట్లు అందుకు చాలవా? కమ్యూనిటీ రేడియోకు మన దేశంలో మామూలుగా అనుమతించే ప్రసార శక్తి అంతే. ఆ పరిమితిలోనే జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు.

ఆ అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి దశలవారీగా ఆపేసింది, కీలకమైన కొన్ని చోట్ల తప్ప. ఖాళీ పడిన ఆవరణల్లో కొన్నింటినైనా ఆ ఊళ్ల రేడియోలకు ఇవ్వాలి. ఉద్యోగ విరమణ చేసిన టెక్నీషియన్లు ఇంకా ఆ పట్టణాల్లోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు.