స్క్రూ బిగిస్తే పోయే ప్లే కాదు

పాత జీపు ఉన్నవాళ్లకి ఒక దురలవాటు ఉంటుంది. స్టీరింగ్‌లో ప్లే వచ్చిందనిపించగానే స్టీరింగ్ బాక్స్ మూత మీదున్న అడ్జస్టింగ్ స్క్రూని ఓ పావు చుట్టు బిగించేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టుంటుంది. మళ్లీ ఇంకో పావు చుట్టు. చివరికి మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది నిటారుకి రాదు, బాక్సు లోపల పళ్లు తినేసుకుంటాయి, ప్లే మాత్రం అలాగే ఉంటుంది. చాలా బండ్లలో ఆ ప్లే బాక్సులో పుట్టింది కాదు మరి. బాక్సుని మోస్తున్న చాసీలో పుట్టింది.

పాడేరు ఘాట్ మీద మనుషుల్నీ మూటల్నీ మోసి మోసి అలిసిన జీపుల్ని బాగుచేసే మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. స్టీరింగ్ గోల అని ఎవరు బండి తెచ్చినా ఆయన ముందు స్పానర్ ముట్టడు. "బాక్సు ఏటి చేసింది సార్ పాపం, చాసీ చూడండి" అంటాడు. చూడ్డం అంటే వేలితో. బండి నేల మీద నిలబడి ఉండగా ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని బెత్తెడు మేర అటూ ఇటూ ఆడిస్తారు. ఆయన కిందికి దూరి, చూపుడువేలి కొన సగం బాక్సు మీద, సగం చాసీ మీద పడేలా ఆనించి ఉంచుతాడు. బాక్సు కదిలి చాసీ కదలకపోతే బోల్టులు వదులైనట్టు. అది పెద్ద పని కాదు. రెండూ కలిసి ఊగుతుంటే, బాక్సు వెనకున్న చాసీ గోడ లోపలికీ బయటికీ ఆడుతుంటే, అప్పుడాయన బయటికొచ్చి చేతులు తుడుచుకుని టీ చెప్పమంటాడు. పని రెండు రోజులకి తగ్గదని అర్థం.

అంత ఇనుము ఎలా ఆడుతుంది? చిన్న లెక్క వేసుకుందాం. స్టీరింగ్ చక్రం అంచున మనం 20 కిలోల బలం పెట్టామనుకోండి. చక్రం వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు, బాక్సు నిష్పత్తి 16కి 1, బాక్సు తిప్పే చేయి, అదే డ్రాప్ ఆర్మ్, పొడవు 15 సెంటీమీటర్లు. ఆ చేయి నెట్టే కడ్డీ, అదే డ్రాగ్ లింక్, దాకా చేరేసరికి అది నాలుగు వందల కిలోల పైమాటవుతుంది. రాపిడికి మూడో వంతు పోయినా ఇంకా మూడు వందల దాకా మిగులుతుంది. పవర్ స్టీరింగ్ అయితే కొన్ని రెట్లు పెరుగుతుంది. లింకుని బాక్సు ఎంత బలంగా నెడుతుందో, అంత బలంగానూ తను వెనక్కి చాసీని నెడుతుంది. రోడ్డు మీద చక్రం దొర్లుతూ ఉంటుంది గనక ఇదేమీ తెలియదు. రెండు బండల మధ్య టైరు ఇరుక్కున్నప్పుడు, బండి కదలకుండా స్టీరింగ్ తిప్పినప్పుడు మొత్తం వచ్చి మూడు నాలుగు బోల్టుల మీద పడుతుంది. అదీ ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఇనుము ఒక పక్కకే మోసే బరువుని చాలాకాలం ఓర్చుకుంటుంది. అటూ ఇటూ లాగితే ఓర్చుకోదు.

పాత జీపులు 6.00-16 సన్న టైర్లకి తయారైనవి. ఇప్పుడు వాటికి 31, 33 అంగుళాల టైర్లు వేసి, పవర్ స్టీరింగ్ బిగించి రాళ్లల్లోకి దింపుతున్నాం. చాసీ మాత్రం పాతదే. హర్యానా, పంజాబ్ సరిహద్దున ఉన్న మండీ డబ్వాలీ జీపుల సోకులకి పేరున్న ఊరు. అక్కడి బండి కొనబోయేవాళ్లు రంగు చూస్తారు, లైట్లు చూస్తారు, టైరు గుబ్బలు వేలితో కొలుస్తారు. స్టీరింగ్ బాక్స్ వెనక ఏం వేశారని అడిగేవాళ్లు అరుదు. ఇదేదో మన పాత జీపులకే పట్టిన జబ్బూ కాదు. అమెరికాలో 1973 నుంచి 1987 దాకా వచ్చిన షెవర్లే ఫోర్ వీల్ పికప్‌లకి పెద్ద టైర్లు వేస్తే ఎడమ చాసీ సరిగ్గా స్టీరింగ్ బాక్స్ బోల్టుల దగ్గరే చీలుతుందని అక్కడి ఆఫ్‌రోడ్ జనానికి కొట్టినపిండి. దానికని విడిగా ప్లేట్లే అమ్ముతారు.

చీలిక బోల్టు రంధ్రం అంచునే మొదలవడానికి కారణం ఉంది. లాగుడు పడిన రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే, దాని అంచున ఒత్తిడి మిగతా రేకులో కన్నా మూడు రెట్లు ఉంటుందని కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లోనే లెక్కగట్టాడు. దానికి తోడు చాసీ ఇంగ్లీషు సి అక్షరంలా ఒక పక్క తెరిచి ఉంటుంది. వంపుని బాగానే తట్టుకుంటుంది గానీ మెలికని తట్టుకోలేదు. నిలువునా ఒక గాటు పెట్టిన పీవీసీ పైపుని మెలిపెట్టి చూడండి, ఎందుకో చేతికే తెలుస్తుంది.

చీలిక కంటికి దొరకడం కష్టం. మురికి, గ్రీజు, పాత రంగు. మా మేస్త్రీ అక్కడంతా గీకి, కిరోసిన్ పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, సుద్దపొడి రుద్దుతాడు. చీలికలో దాక్కున్న కిరోసిన్ మెల్లగా బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత పడుతుంది. నూనె, సుద్ద పెట్టి రైలు ఇరుసుల్లో పగుళ్లు వెతికిన కాలం ఒకటుంది. ఈనాటి ఎర్ర రంగు డై పెనెట్రెంట్ దాని మనవడే.

బాగుచేయడం దగ్గరే నాకూ చాలామంది వెల్డర్లకీ పడదు. పగులు మీద ఒక వరస వెల్డింగ్ లాగి, పైన పది ఎం.ఎం. చదరపు ముక్క అతికించి "ఇంక జన్మలో పగలదు" అంటారు. ఆ ముక్క పగలదు, నిజమే. దాని అంచు వెంబడి, నిలువు వెల్డింగ్ పక్కనే, చాసీ పగులుతుంది. మందం ఒక్కసారిగా మారే చోటే బరువంతా గుమిగూడుతుంది. ముందు చీలిక కొసన చిన్న రంధ్రం వేసి అది పాకకుండా ఆపాలి. తర్వాత చీలికని వీ ఆకారంలో తొలిచి, నింపి, గ్రైండర్‌తో సమం చేయాలి. అప్పుడు ప్లేటు. చాసీ మందానికి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు, కాకపోతే పొడవుగా, కొసలు సన్నబడేలా కోయాలి. చాసీ పై అంచునీ కింది అంచునీ అడ్డంగా కోసేలా వెల్డింగ్ వేయకూడదు. చాసీ నంబరు కొట్టిన చోటు ఉంటే దాన్ని కప్పకూడదు, ఆర్టీఓ దగ్గర తంటా. తెరిచి ఉన్న పక్కని మూసి డబ్బాలా చేస్తే మెలిక బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ లోపల బోలు గనక బోల్టు బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుంటాయి, బిగువు నిలవదు. అందుకే ప్రతి బోల్టుకీ గోడ నుంచి గోడ దాకా మందపాటి పైపు ముక్క దూర్చి రెండు వైపులా వెల్డ్ చేయాలి. దీన్ని స్లీవ్ అంటారు. పని మొత్తంలో దాటవేసేది ఎక్కువగా దీన్నే, బయటికి కనబడదు కదా.

వీధి షాపుల్లో ఎక్కువగా ఉండేది 6013 రాడ్. ఇలాంటి చోటికి 7018 మేలు, అయితే అది పొడిగా ఉండాలి. ఏజెన్సీ వానాకాలంలో కట్ట విప్పి బల్ల మీద పడేసిన 7018 ఉన్నా లేనట్టే. ఎర్త్ క్లాంపుని వెల్డింగ్ పక్కనే చాసీకి తగిలించాలి. బాక్సునో చక్రాన్నో పట్టిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని గుంటలు చేస్తుంది. అసలు బాక్సు విప్పేసి, బ్యాటరీ తీగలు పీకేసి మొదలుపెట్టడం మంచిది. ఇంకోటి, ఎర్రగా ఉన్న వెల్డ్ మీద నీళ్లు పోసే కుర్రాణ్ణి ఏదో ఒక పని మీద బయటికి పంపండి.

ఇదంతా అయ్యాక బాక్సు నుంచి అవతలి చాసీ దాకా ఒక అడ్డ కడ్డీ వేస్తే ఇంకా మంచిది. ఒక్క పక్క మోసే బరువుని రెండో పక్కా పంచుకుంటుంది. అప్పుడింకో ప్రశ్న వస్తుంది. బాక్సు కదలదు, చాసీ ఊగదు. మరి బండకి గుద్దుకున్న దెబ్బ ఎక్కడికి పోవాలి? కుర్రాళ్లు వెంటనే ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్‌ని కూడా రెట్టింపు లావు చేస్తున్నారు. నాకది నచ్చదు. అన్నీ గట్టిపడితే దెబ్బ డ్రాప్ ఆర్మ్ దాకా, అక్కణ్నుంచి బాక్సు షాఫ్టు దాకా పోతుంది. షాఫ్టు తెగితే స్టీరింగ్ చేతిలో ఉంటుంది, చక్రాలు ఉండవు. టై రాడ్ వంగితే బండి వంకరగా అయినా ఊరు చేరుతుంది, దారిలో జాకీ పెట్టి కొంత తిన్నగా కూడా చేసుకోవచ్చు. నేను చాసీకి ఎంత ఖర్చయినా పెడతాను గానీ టై రాడ్ మాత్రం కంపెనీదే ఉంచి, సీటు వెనక ఇంకోటి వేసుకుని తిరుగుతాను.