కాలిన కెపాసిటరు

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ విపణికి విడుదల చేసిన 5150 కంప్యూటరును చిరకాలము మూలబెట్టి, తిరిగి మీట నొక్కిన క్షణమున, మదర్‌బోర్డుపై సెనగగింజ యంతటి యొక కెపాసిటరు ఫట్టున ప్రేలి, కమురు వాసన గదినిండ నలముకొనగా, యంత్రమే నశించెనని గుండె జారనివారు తక్కువ. నేనట్టి ప్రేలుడును మేలుగనే యెంచుచున్నాను. ఏలయన, అందు దోషము తన నెలవును తానే చెప్పుచున్నది. పొగయు వాసనయు లేక, బోర్డుపై నొక్క మచ్చయైన గానరాక, యంత్రము ఉలుకుపలుకు లేకయుండుటయే కష్టతరము.

ఆ కెపాసిటరు టాంటలం జాతిది. ఆ లోహపుపొడిని గట్టి ముద్దగా చేసి, దానిపై అతిసూక్ష్మమైన ఆక్సైడు పొరను కల్పించి, ఆపై మాంగనీస్ డయాక్సైడును పూయుదురు; పొర యొకచోట చెడి విద్యుత్తు దూసికొనిపోయినచో, వేడికి మాంగనీస్ డయాక్సైడు ప్రాణవాయువును విడువగా లోహము దానితో మండును. 12 వోల్టుల మార్గమున 16 వోల్టుల కెపాసిటరు నుంచుట నాటి పద్ధతి. రెట్టింపు వోల్టేజిది కోరుట నేటి విజ్ఞుల సమ్మతము.

కొన్నిమారులు అది మండకయే షార్టయి యూరకుండును. అప్పుడు 63.5 వాట్ల పవర్ సప్లై ఆ షార్టును పసిగట్టి తనంతట తానే ఆగిపోవుటచే, దానికే తప్పంటగట్టి విప్పువారిని చూచితిని. సప్లై కనెక్టర్లను ఊడదీసి, మల్టీమీటరు నల్ల ప్రోబును గ్రౌండునకు, ఎఱ్ఱదానిని బోర్డుపైని 12 వోల్టుల పిన్నునకు ఆనింపగా, ఓములు సున్న దరిదాపులకు దిగినయెడల సంశయము తీరును. ఐనను వెంటనే కత్తెర చేబూనరాదు. స్లాట్లలోని కార్డులకును ఆ 12 వోల్టులే పోవును గనుక, ముందుగా వానిని తీసి, మీటరును మరల చూడవలయును.

కెపాసిటర్లన్నిటిని ఒక్కపెట్టున మార్చివేయువారితో నేనేకీభవింపజాలను. 5 వోల్టుల మార్గమున నదే 16 వోల్టుల కెపాసిటరు మూడింతల వెసులుబాటుతో నిశ్చింతగా నుండును. దానిని కదల్చుటకై సోల్డరింగ్ ఐరను మోపిన ప్రతిమారు, నలువది యేండ్లు దాటిన రాగిరేకు లేచివచ్చు ప్రమాదము గలదు. గ్రౌండు కాలు విశాలమైన రాగిపొరకు అంటియుండుటచే వేడిని పీల్చుకొనుచు, టంకము కరగక మొండికెత్తును. అచ్చట బలము చూపరాదు, కొంచెము క్రొత్త టంకమును చేర్చి, వేడి లోనికి దిగువరకు నోర్చుకొనవలయును.

క్రొత్తది 10 మైక్రోఫారడ్లు, 25 వోల్టులది చాలును. టాంటలంపై గీత ధనధ్రువమును, అల్యూమినియం కెపాసిటరుపై గీత ఋణధ్రువమును సూచించును. తారుమారైనచో మరల ప్రేలుడే. మైనస్ 12 వోల్టుల మార్గమున ధనధ్రువము గ్రౌండువైపే యుండవలయును. కార్డులు తిరిగి యమర్చి, కంటికి అద్దాలు ధరించి, అటుపిమ్మట మీట నొక్కవలయును. ఒక పొట్టి బీప్ వినబడినచో స్వీయపరీక్షలు నెగ్గినట్లు. డిస్కు లేకున్నను రోమ్‌లోని బేసిక్ తెరపైకి వచ్చును.