గట్టు మీద బాట ఎవరి కోసం?

నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నా నదికి 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ వచ్చింది. నీళ్లు నిలిచిన చోట పార్కు, బోటు షికారు, వాకింగ్ ట్రాక్ అన్న మాటలు రాక మానవు. రావాల్సినవే. నా పేచీ అంతా వరసతోనే. మన దగ్గర టైల్స్, రెయిలింగు, రంగు లైట్లు ముందొస్తాయి. ఏటికి ఎంత చోటు కావాలన్న లెక్క చివర్న వస్తుంది, అదీ వస్తే. పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనుక దాని వెడల్పు మన కంటికి ఖాళీ జాగాలా కనబడుతుంది. 2021 నవంబరు వరదలో ఆ జాగా ఎవరిదో ఏరే చెప్పింది. కోవూరు దగ్గర పడుగుపాడులో జాతీయ రహదారే తెగిపోయింది. ఏరునూ పార్కునూ కలిపి ఆలోచించడం కొత్తేమీ కాదు: 1908లో మూసీ హైదరాబాదును ముంచాక ఇంజనీరు విశ్వేశ్వరయ్య ఎగువన రిజర్వాయర్లు, ఊళ్లో ఒడ్డు వెంట పార్కులు ఒకే పథకంలో చెప్పారు. రిజర్వాయర్లు కట్టుకున్నాం. ఒడ్డు సంగతి 2020 అక్టోబరు వరదలో మళ్లీ తెలిసింది.

అందుకే నడక బాట వరద హద్దు మీద ఉండాలంటాను. పొద్దునా సాయంత్రం జనం నడిచే గట్టును రాత్రికి రాత్రి మట్టిపోసి కలుపుకోవడం కష్టం. సర్వే రాయిని పీకేయొచ్చు, వందమంది అలవాటును పీకలేరు. పెన్న కన్నా అందులో కలిసే బీరాపేరు, బొగ్గేరు లాంటి వాగులకు, పంట కాలువలకు ఈ కాపలా ఎక్కువ అవసరం. సన్నటివి కదా, ముందు మాయమయ్యేవి అవే.

ఇంజనీర్ల అభ్యంతరం ఒకటుంది: గట్టు మీద చెట్లు పెరిగితే వేళ్లు గట్టును గుల్ల చేస్తాయి, పూడిక తీసే పొక్లెయిన్‌కు దారుండదు. న్యాయమైన మాట. అయితే చెట్లను గట్టు దిగువన, బయటివైపు పెట్టండి. నీరుమద్ది, కానుగ చాలు. గట్టు పైన పొక్లెయిన్ తిరిగేంత వెడల్పున మట్టిబాట వదలండి. మిషను ఏ వేసవిలోనో నాలుగు రోజులు తిరుగుతుంది, మిగతా రోజులు జనం నడుస్తారు. నీటి అంచుదాకా సిమెంటు పోస్తేనే ఏరూ ఒడ్డూ చెడతాయి: తుంగ మొలవదు, చేప గుడ్లు పెట్టే చోటుండదు, వాననీరు ఇంకదు.

గట్ల మీద గుడిసెలున్న పేదల సంగతేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. నడక కోసం ఒకరి గూడు తీయడం అన్యాయమే. కానీ మొదట మునిగేదీ ఆ గూడే. వాళ్లకు అదే ఊళ్లో, పనికి వెళ్లగలిగే దూరంలో ఇల్లు కట్టి, తాళంచెవి చేతికిచ్చాకే బాటకు కొలతలు తీయాలి. కాలువలోకి జరిగిన పెద్ద ప్రహరీల విషయంలో మాత్రం అంతసేపు ఆగక్కర్లేదు.