చివరి మడి దాకా నీళ్లు

బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో ఇప్పుడు బిజినెస్ కంటిన్యుటీ ప్లాన్ అని ఒక ఫైలు ఉంటోంది. ఏది చెడిపోయినా పని ఆగకుండా ముందే చేసుకునే ఏర్పాటు అది. దీనికి 2012లో ఐఎస్ఓ 22301 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అందులో ముఖ్యమైన ప్రశ్నలు మూడు. ఏది ఆగితే ఎక్కువ నష్టం? ఎంతకాలం ఓర్చుకోగలం? ఆలోగా పని మళ్లీ ఎలా నడవాలి? డిచ్‌పల్లి నుంచి నిజామాబాద్ మీదుగా బోధన్ వైపు వెళ్తే, ఈ మూడింటికీ జవాబు నిజాంసాగర్ ఆయకట్టులో దొరుకుతుంది.

మంజీర నది మీద నిజాంసాగర్ డ్యామ్‌ను 1923 నుంచి 1931 దాకా కట్టారు. రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. అప్పట్లో దాని నిల్వ దాదాపు 30 టీఎంసీలు. ఒండ్రు మేట వేసి 1970ల నాటికి అది 12 టీఎంసీల లోపుకు పడిపోయింది. మట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఈలోగా ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చి, మంజీర నీళ్లలో హైదరాబాద్ తాగునీటికి వాటా పోయింది. నీళ్లు తగ్గితే ముందు ఎండేది కాల్వ చివరి పొలాలే. పొట్ట దశలో ఉన్న వరి ఒక్క తడి తప్పినా తాలు పోతుంది. ఓర్చుకునే గడువు అంతే.

అందుకే గోదావరి నుంచి రెండు ఎత్తిపోతలు పెట్టారు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు వెనుక జలాల దగ్గర, కోస్లీ నుంచి అలీసాగర్ పథకం మూడు అంచెల్లో నీళ్లు ఎత్తి 53,793 ఎకరాలకు అందించేలా కట్టారు. ఉమ్మెడ దగ్గర మొదలయ్యే గుత్ప పథకం దాదాపు 39 వేల ఎకరాల కోసం.

ఎత్తిపోతలో పనులు వరుసగా సాగుతాయి. అప్రోచ్ కాల్వ నీటిని పంప్‌హౌస్ ముందున్న తొట్టిలోకి తెస్తుంది. పంపులు దాన్ని పైపుల్లోకి తోస్తాయి. పైన సిస్టర్న్ అనే తొట్టిలో నీటి ఉరవడి తగ్గి, అక్కడి నుంచి కాల్వలో పారుతుంది. ఒకే పెద్ద పంపు కాకుండా పక్కపక్కనే కొన్ని పెడతారు కాబట్టి, ఒకటి మరమ్మతుకు పోయినా మిగతావి నడుస్తాయి. కరెంటు పోతే పైపులోని నీళ్లు కాసేపు ముందుకే సాగి, వేగం తగ్గాక వెనక్కి మళ్లుతాయి. అప్పుడు పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు రెక్క దానంతటదే మూసుకుని పంపును కాపాడుతుంది.

ఇందులో అసలు తెలివి రెండు చోట్ల ఉంది. మంజీరలో వాన తప్పినా, సింగూరులో నీళ్లు ఆగినా, గోదావరి ప్రధాన పాయలో వరద రావచ్చు. నిజాంసాగర్ నీళ్లు ఆగిన కారణమే ఎత్తిపోతలనూ ఆపాలని లేదు. పైగా ఈ నీళ్లు పాత ఆయకట్టు దిగువ భాగానికే అందుతాయి. దానితో డ్యామ్ నీళ్లు పై పొలాలకు మిగులుతాయి. సాయం చివర అందితే మొత్తం తేరుకుంటుంది.

హద్దులూ ఉన్నాయి. వెనుక జలాలు తగ్గితే పంపుకు నీరందదు, కరెంటు లేకపోతే తిరగదు. కాబట్టి మట్టం ఉన్నప్పుడే ఎత్తుకోవాలి, సీజన్‌కు ముందే మోటార్లు తిప్పి చూసుకోవాలి.

మీ ఆఫీసులో ప్రత్యామ్నాయ ఏర్పాటు ఉంటే ఒక్కటి పరీక్షించండి: అసలుది ఆగిన కారణమే దాన్నీ ఆపుతుందా? ఆపుతుందంటే, మీకున్నది ఒక్క ఏర్పాటే.