చిన్న డిజైను, మిగిలిన మీటరు

పరదా బట్ట చేతికి రాగానే నేను ముందు రంగు చూడను. ఒక పువ్వు దగ్గర టేపు పెట్టి, అదే పువ్వు మళ్ళీ వచ్చే చోటు దాకా కొలుస్తాను. భిలాయి సెక్టార్లలోని క్వార్టర్లకు ఏళ్ళ తరబడి పరదాలు, సోఫా కవర్లు కుడుతున్నాను. బట్ట ఎంత పోతుందో ఆ కొలతే చెప్పేస్తుంది.

తలుపు పరదాకు మడతలతో కలిపి 220 సెంటీమీటర్లు కావాలనుకోండి. డిజైను 64 సెంటీమీటర్లకోసారి తిరిగి వస్తుంటే, అన్ని పరదాల్లో పువ్వులు ఒకే ఎత్తున నిలవడానికి ఒక్కో ముక్కకు 256 సెంటీమీటర్లు తీసుకోవాలి. నాలుగు పరదాలకు మీటరు పైన బట్ట పీలికల పాలు. అదే 5 సెంటీమీటర్ల డిజైనైతే ఏమీ పోదు.

ఈ లెక్కను ఒక ప్రభుత్వమే పట్టించుకున్న కాలముంది. రెండో ప్రపంచయుద్ధంలో కలప, నూలు కరువై బ్రిటన్ 1942లో ‘యుటిలిటీ’ ఫర్నిచర్ పథకం పెట్టింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళకు, బాంబుదాడుల్లో ఇల్లు పోయినవాళ్ళకు ముందు కేటాయించేవారు. ఆ పథకం కుర్చీలకు వేసే బట్టల డిజైన్లు ఈనిడ్ మార్క్స్ అనే డిజైనర్ గీసింది. ఆమెకు దక్కినవి రెండు రకాల నూలు, నాలుగు రంగులు: తుప్పురంగు, ఆకుపచ్చ, నీలం, నూలు సహజరంగు. అతుకుల దగ్గర బట్ట వృథా కాకుండా డిజైను చిన్నదిగా ఉండాలి. చుక్కలు, చారలు, వంకర గీతలతోనే ఆమె ఇంటికి కళ తెచ్చింది.

ఆమె అంతకు ముందు బారన్, లార్చర్ అనే ఇద్దరు మహిళల దగ్గర చెక్క అచ్చుల అద్దకం నేర్చుకుంది. వాళ్ళవి మంజిష్ఠ, నీలిమందు లాంటి రంగులు. మన పెడన అద్దకంవాళ్ళకు కొత్తగా అనిపించని పని. అచ్చు పక్కన అచ్చు వేసినవాళ్ళకు ఎక్కడ ఎలా కలవాలో వేళ్ళకే తెలుస్తుంది. ఆమె గీతల్లో నాకు ఆ వేళ్ళే కనిపిస్తాయి.

కరువు మంచిదని నేనెప్పుడూ అనను. 1943లో మన దగ్గరా బట్ట, నూలు మీద కంట్రోలు వచ్చింది. నూలు అందక మన మగ్గాలు పడిన అవస్థ చిన్నది కాదు. నేను మెచ్చేది కత్తెర పట్టేవాళ్ళను గీసేటప్పుడే తలచుకోవడాన్ని.

భిలాయిలో ఒకే రకం క్వార్టర్లకు కిటికీలూ ఒకే కొలత. ఇక్కడి ఉక్కు ప్లాంటులో రిటైరై శ్రీకాకుళానికో విజయనగరానికో వెళ్ళేవాళ్ళు పరదాలు పక్కింటికి ఇచ్చి వెళతారు. చిన్న డిజైనైతే రెండు కిటికీ పరదాలు అతికి తలుపుకు వేస్తాను, అతుకు కనబడదు. పవర్‌హౌస్ మార్కెట్లో ఇప్పుడు దొరికే మూరెడు పువ్వుల బట్టతో అది కుదరదు. అయినా జనం వాటినే కొంటున్నారు, చూడ్డానికి బాగుంటాయి కనుక.

బట్ట అచ్చువేసే మిల్లులకు, అద్దకంవాళ్ళకు నా మనవి ఒక్కటే: పన్నాతో పాటు డిజైను కొలత కూడా అంచు మీద వేయండి. కొనేవాళ్ళకు చెప్పేది: ధర అడిగే ముందు మీటరు బట్ట విప్పించి, పువ్వు నుంచి పువ్వుకు కొలవండి.